మేత భూములు కోలుకుంటే గాలిలో కార్బన్ ఎంత తగ్గుతుంది?

అడవిలో కార్బన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. మానులో ఉంది, కొమ్మల్లో ఉంది. గడ్డి నేలలో అలా చూపించలేం. పైకి కనిపించే గడ్డి ఏడాది తిరిగేసరికి ఎండిపోతుంది, కాలిపోతుంది, లేదా పశువు కడుపులోకి పోతుంది. అసలు నిల్వంతా నేల కింద ఉంటుంది. వేర్లలోనూ, ఏళ్ల తరబడి వేర్లు కుళ్లి మట్టితో కలిసిపోయిన నల్లటి పొరలోనూ ఉంటుంది.

కంటికి కనిపించదు కాబట్టే దీని గురించి ఇన్ని రకాల మాటలు వినిపిస్తున్నాయి. పాడైన మేత భూములను బాగుచేస్తే వాతావరణ మార్పునే వెనక్కి తిప్పవచ్చని కొందరంటారు. పశువులు వదిలే మీథేన్‌తో భూమి వేడెక్కుతుంటే మళ్లీ ఆ పశువులనే మందు అంటారేమిటని మరికొందరు అడుగుతారు. రెండు వైపులా పరిశోధకులున్నారు, జీవితమంతా పశువులతో గడిపినవాళ్లూ ఉన్నారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే కార్బన్ మట్టిలోకి ఎలా వెళ్తుందో, ఎంత పడుతుందో, ఎన్నాళ్లు ఉంటుందో లెక్కేసి చూడాలి.

ముందుగా తెలియాల్సిన రెండు తేడాలు

కార్బన్ వేరు, కార్బన్ డయాక్సైడ్ వేరు. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్‌తో పాటు ఆక్సిజన్ బరువు కూడా ఉంటుంది. 12 కిలోల కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే మట్టిలో 1 టన్ను కార్బన్ కొత్తగా చేరితే గాలి నుంచి సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరినట్టు. ఒకరు కార్బన్ లెక్క చెబితే, ఇంకొకరు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అనుకుని రాసేస్తారు. అక్కడికక్కడే మూడున్నర రెట్ల తప్పు దొర్లిపోతుంది.

రెండోది, నిల్వకూ చేరికకూ ఉన్న తేడా. నిండా ఉన్న చెరువు వేరు, నిండుతున్న చెరువు వేరు. వందల ఏళ్లుగా గడ్డి పెరిగిన నల్ల నేలలో కార్బన్ నిల్వ చాలా ఉంటుంది, కానీ అది ఏటా కొత్తగా గాలి నుంచి లాక్కునేది దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. పాడైన నేలలో నిల్వ తక్కువ, కానీ సరిగ్గా చూసుకుంటే అక్కడే చేరిక ఎక్కువ. 'మా పచ్చిక బయలులో ఇంత కార్బన్ ఉంది' అన్న మాట నిజమే అయినా, వాతావరణానికి కావాల్సిన జవాబు అది కాదు. గత ఏడాదికన్నా ఈ ఏడాది ఎంత పెరిగిందన్నదే ప్రశ్న.

ఇందులోని పరిమాణాలు చాలా పెద్దవి. ప్రపంచమంతటా నేల పై మీటరు లోతులో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ ఉంది. గాలిలో ఉన్నది సుమారు 90 వేల కోట్ల టన్నులు. మట్టి నిల్వ కొద్దిగా పెరిగినా తరిగినా గాలికి తెలుస్తుంది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సమయంలో ఫ్రాన్స్ 'వెయ్యికి నాలుగు' అనే కార్యక్రమం మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. నేలల్లోని కార్బన్‌ను ఏటా 0.4 శాతం పెంచగలిగితే గాలిలో పెరుగుదలను చాలావరకు అడ్డుకోవచ్చన్నది ఆ లెక్క. కాగితం మీద అది చిన్న శాతమే. నేల మీద ఎంత కష్టమో కాసేపట్లో చూద్దాం.

గాలి నుంచి మట్టిలోకి దారి

గడ్డి ఆకు ఎండలో చక్కెర తయారు చేసుకుంటుంది. అందులో పెద్ద వాటా వేర్లకు పంపుతుంది. వేర్లు దానిలో కొంత తమ ఎదుగుదలకు వాడుకుని, కొంత చుట్టూ ఉన్న మట్టిలోకి వదులుతాయి. ఇది వృథా కాదు. ఆ తీపి కోసం వేర్ల చుట్టూ చేరే శిలీంధ్రాలు, బాక్టీరియా బదులుగా మొక్కకు భాస్వరం, నత్రజని అందిస్తాయి.

ఈ సూక్ష్మజీవులు తింటాయి, ఊపిరి వదులుతాయి, చచ్చిపోతాయి. తిన్న కార్బన్‌లో చాలా భాగం ఊపిరితో మళ్లీ గాలిలో కలుస్తుంది. మిగిలిన కొంచెమే, అంటే చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలూ వాటి జిగురూ బంకమట్టి రేణువులకు అతుక్కుపోతాయి. అలా ఖనిజాలకు పట్టుకున్న కార్బన్ దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు ఉంటుంది. సగం కుళ్లిన వేరు ముక్కల రూపంలో విడిగా ఉండేది మాత్రం కొన్నేళ్లలో, మహా అయితే కొన్ని దశాబ్దాల్లో కరిగిపోతుంది. రెండు నేలల్లో ఒకే శాతం కార్బన్ ఉన్నా అది ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి వాటి భవిష్యత్తు మారిపోతుంది. బంకమట్టి ఎక్కువున్న నేల ఎక్కువ పట్టుకుంటుంది, ఇసుక నేల తక్కువ.

'మట్టిలో బంధించడం' అన్న మాట వింటే తాళం వేసిన పెట్టె గుర్తొస్తుంది. నేల అలాంటిది కాదు. రోజూ వస్తూ పోతూ ఉండే ప్రవాహం అది. వచ్చేది పోయేదాని కన్నా ఎక్కువగా ఉన్నంత కాలమే నిల్వ పెరుగుతుంది.

మేత భూమి ఎలా పాడవుతుంది

పశువు గడ్డిని కొరికినప్పుడు మొక్క చావదు. మిగిలిన ఆకుతో, కుదురులో దాచుకున్న శక్తితో మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురు పూర్తిగా ఆకు కాకముందే పశువు మళ్లీ వచ్చి కొరికితే దాచుకున్నది తగ్గిపోతుంది. మూడోసారి, నాలుగోసారి కొరికితే మొక్క వేర్లను పోషించలేదు. వేర్లు కురచబడతాయి. దుబ్బుల మధ్య ఖాళీ నేల బయటపడుతుంది. దాని మీద వాన చినుకులు నేరుగా పడి పైపొర గట్టిపడుతుంది, నీరు ఇంకకుండా మట్టిని తీసుకుని పారిపోతుంది. వెళ్లే మట్టితో పాటు కార్బన్ కూడా వెళ్తుంది.

ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే వాజాఁ 1950ల్లో ఈ విషయాన్ని జాగ్రత్తగా గమనించి రాశాడు. గడ్డి నాశనమయ్యేది పశువుల సంఖ్యను బట్టి మాత్రమే కాదు, అవి ఒకే చోట ఎంతకాలం ఉన్నాయి, ఎంత త్వరగా తిరిగొచ్చాయి అన్నదాన్ని బట్టి అన్నాడు. వంద పశువులు ఒక రోజు మేసి వెళ్లిపోతే ప్రతి మొక్కనూ దాదాపు ఒక్కసారే కొరుకుతాయి. అదే నేల మీద ఒక్క పశువు వంద రోజులు తిరిగితే, తనకు నచ్చిన లేత గడ్డినే వెతికి వెతికి మళ్లీ మళ్లీ కొరుకుతుంది. పశువు-రోజుల లెక్క రెండు చోట్లా ఒకటే, గడ్డికి జరిగింది ఒకటి కాదు.

అయితే పాడైన ప్రతి మేత భూమికీ కారణం మేత ఒక్కటే కాదు. దున్ని, పంటలు వేసి, సారం పోయాక వదిలేసినవి ఉన్నాయి. కంచెలతో మందల పాత దారులు మూసుకుపోయినవి ఉన్నాయి. బాగా పొడిగా ఉండే ప్రాంతాల్లో గడ్డి ఎంత పెరగాలో పశువులకన్నా ముందు వాన నిర్ణయిస్తుంది. అక్కడ మంద పద్ధతి మార్చినా ఏళ్ల తరబడి తేడా కనిపించకపోవచ్చు.

సెరెంగెటిలో నోళ్లు పెరిగితే ఏమైంది

మేత ఎప్పుడూ కార్బన్‌కు శత్రువేనా అన్న ప్రశ్నకు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానం మంచి జవాబు ఇస్తుంది. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే వైరస్ వ్యాధి తూర్పు ఆఫ్రికాను ఊడ్చేసింది. పశువులు చచ్చాయి, వాటితో పాటు గడ్డి మేసే పెద్ద అడవి జంతువులైన వైల్డ్‌బీస్ట్‌ల మందలూ కూలిపోయాయి. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసిన తర్వాత 1960ల్లో ఆ వ్యాధి వైల్డ్‌బీస్ట్‌లను వదిలింది. అప్పుడు మూడు లక్షల లోపే ఉన్న వాటి సంఖ్య 1970ల చివరికి 12 లక్షలు దాటింది.

ఇన్ని నోళ్లు గడ్డి తినడం మొదలుపెట్టాక కాలడానికి ఎండుగడ్డి మిగల్లేదు. కార్చిచ్చులు తగ్గాయి. మంటలు తగ్గేసరికి అంతకుముందు మొలకలోనే మాడిపోయే చెట్లు ఎదగడం మొదలుపెట్టాయి. 2009లో వచ్చిన ఒక అధ్యయనం ఈ లంకెలన్నీ కలిపి చూసి, సెరెంగెటి కార్బన్‌ను వదిలే చోటు నుంచి కార్బన్‌ను పీల్చుకునే చోటుగా మారిందని తేల్చింది.

ఇక్కడ మేసే జంతువులు పెరిగితే కార్బన్ పెరిగింది. కానీ పెరిగిన దారి గమనించండి. మంటలు తగ్గడం, చెట్లు పెరగడం దీనికి ముఖ్య కారణాలు. పైగా వైల్డ్‌బీస్ట్‌లు వానల వెంట వందల కిలోమీటర్లు నడుస్తూ ఉంటాయి, ఒక చోట నిలవవు. మంటలు లేని తేమ ప్రాంతంలో, కంచెలోపల ఉన్న మందకు ఇదే ఫలితం వస్తుందని ఈ ఉదాహరణతో చెప్పలేం.

సావరీ వాదన, దానిపై ఉన్న అభ్యంతరాలు

ఈ చర్చను ప్రపంచానికి పరిచయం చేసిన పేరు ఆలన్ సావరీ. ఇప్పటి జింబాబ్వేలో 1935లో పుట్టిన పర్యావరణ శాస్త్రవేత్త. వేటాడే జంతువుల భయంతో గుంపుగా కదిలే అడవి మందలను పోలినట్టు పశువులను దగ్గరగా ఉంచి, తరచూ కొత్త చోటుకు నడిపించి, మేసిన నేలకు పూర్తిగా కోలుకునే సమయం ఇవ్వాలన్నది ఆయన పద్ధతి. గిట్టలు నేలపొరను పగలగొడతాయి, పేడ, మూత్రం ఎరువవుతాయి, తొక్కిన గడ్డి నేలను కప్పుతుంది. 2013లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఆయన, ప్రపంచ గడ్డి భూముల్లో సగం చోట్ల ఇలా చేస్తే గాలిలోని కార్బన్‌ను పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయికి తేవచ్చన్నారు. ఆ మాట లక్షల మందికి చేరింది.

అభ్యంతరాలు రెండు రకాలు. మొదటిది పద్ధతి గురించి. అమెరికా పరిశోధకుడు డేవిడ్ బ్రిస్కీ బృందం 2008లో అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించి, పశువులను ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ మేపడం వల్ల గడ్డి దిగుబడిలో గానీ పశువుల ఎదుగుదలలో గానీ స్పష్టమైన లాభం కనిపించలేదని చెప్పింది. సావరీ పద్ధతిని నమ్మేవాళ్లు దీనికి ఇచ్చే జవాబును కొట్టిపారేయలేం. ఆ ప్రయోగాల్లో చిన్న మడులుంటాయి, క్యాలెండర్ చూసి మందను మారుస్తారు. నిజంగా పశువులు కాసేవాళ్లు గడ్డిని చూసి, వానను చూసి రోజుకో నిర్ణయం తీసుకుంటారు. ఆ నేర్పును ప్రయోగంలో పెట్టలేదు కాబట్టి దాని ఫలితం కనిపించలేదంటారు. టెక్సస్‌లో నిజమైన పశుక్షేత్రాలను పోల్చిన 2011 అధ్యయనంలో, ఏడాది పొడవునా ఒకేచోట విపరీతంగా మేపిన నేలలకన్నా ఇలా నడిపించిన నేలల్లో కార్బన్ ఎక్కువగా కనిపించింది కూడా. నాకు తోచినంతలో, విపరీతంగా మేపి పాడైన నేలకు విశ్రాంతి ఇస్తే మేలు జరుగుతుందన్నది గట్టి మాట. ఏ పేరుతో ఆ విశ్రాంతి ఇచ్చారన్నది అంత ముఖ్యం కాదు.

రెండో అభ్యంతరం లెక్క గురించి. అది ఎవరైనా వేసి చూడగలిగినంత తేలిక.

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో సుమారు 280 కార్బన్ డయాక్సైడ్‌వి ఉండేవి. ఇప్పుడు 420 దాటాయి. తేడా 140. ఒక్కో అంకె తగ్గాలంటే గాలి నుంచి సుమారు 213 కోట్ల టన్నుల కార్బన్ తీయాలి. 140ని 213తో గుణిస్తే దాదాపు 30,000 కోట్ల టన్నులు. ప్రపంచ గడ్డి భూములను ఉదారంగా 500 కోట్ల హెక్టార్లు అనుకుందాం. సగం అంటే 250 కోట్లు. ప్రతి హెక్టారూ 120 టన్నుల కార్బన్ కొత్తగా పట్టుకోవాలి. ఏడాదికి అర టన్ను చొప్పున ఆగకుండా చేరినా 240 ఏళ్లు పడుతుంది. నిజానికి ఇంకా ఎక్కువే కావాలి, ఎందుకంటే గాలిలో తగ్గుతున్న కొద్దీ సముద్రాలు తాము పీల్చుకున్నదాన్ని కొంత వెనక్కి వదులుతాయి.

ఇంకో వైపు నుంచి చూడండి. గత 12,000 ఏళ్ల వ్యవసాయం, పశుపోషణ వల్ల ప్రపంచ నేలలన్నీ కలిపి ఎంత కార్బన్ పోగొట్టుకున్నాయో 2017లో సాండర్‌మన్ బృందం అంచనా వేసింది. సరిదిద్దిన లెక్క ప్రకారం అది సుమారు 11,600 కోట్ల టన్నులు. పంట పొలాలూ మేత భూములూ కలిపి ఇన్ని వేల ఏళ్లలో పోగొట్టుకున్నదానికి రెండున్నర రెట్లు, మేత భూముల్లో సగం మాత్రమే కలిసి వెనక్కి తేవాలన్నమాట. పోయినంత తిరిగి రావడమే కష్టం. పోని దాన్ని కూడా తెమ్మనడం నేల మీద మోయలేని భారం పెట్టడమే.

ఒక హెక్టారులో కొలత ఎక్కడ తప్పుతుంది

ఒక హెక్టారు నేలను 30 సెంటీమీటర్ల లోతు వరకు తీసుకుందాం. 3,000 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరు బరువు 1.3 టన్నులనుకుంటే మొత్తం 3,900 టన్నులు. అందులో కార్బన్ 1 శాతం ఉంటే 39 టన్నులు. అది 1.1 శాతానికి పెరిగితే 3.9 టన్నులు కొత్తగా చేరినట్టు, అంటే 14.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మంచి పెరుగుదలే. కానీ 1 శాతానికీ 1.1 శాతానికీ మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవడం చాలా కష్టం. ఒకే పొలంలో పది అడుగుల దూరంలో తీసిన రెండు నమూనాల మధ్య అంతకన్నా పెద్ద తేడా ఉండవచ్చు. దుబ్బు కింద ఒక లెక్క, దుబ్బుల మధ్య ఇంకో లెక్క.

మరో చిక్కు మట్టి బిగువుది. పశువులు తొక్కి నేల గట్టిపడిందనుకుందాం. ఘనపు మీటరు 1.3 నుంచి 1.4 టన్నులైంది. కార్బన్ శాతం మాత్రం 1 దగ్గరే ఉంది. ఇప్పుడు అదే 30 సెంటీమీటర్లలో 4,200 టన్నుల మట్టి, 42 టన్నుల కార్బన్. కాగితం మీద 3 టన్నులు పెరిగింది, 11 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నేలలో కొత్తగా చేరింది మాత్రం ఏమీ లేదు. మట్టి కుదించుకుపోవడం వల్ల అంతకుముందు 30 సెంటీమీటర్ల కింద ఉన్న మట్టి కూడా కొలతలోకి వచ్చిందంతే. అందుకే జాగ్రత్తగా కొలిచేవాళ్లు సమాన లోతును కాకుండా సమాన బరువున్న మట్టిని పోలుస్తారు. ఏదైనా ప్రాజెక్టు 'ఇంత పెరిగింది' అన్నప్పుడు ఎంత లోతు కొలిచారు, బిగువును లెక్కలోకి తీసుకున్నారా, పద్ధతి మార్చని పక్క పొలంతో పోల్చారా అన్న మూడు సంగతులు చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

నిండే కొద్దీ తగ్గే వేగం

మేత భూముల మీద వందలాది అధ్యయనాలను కలిపి చూసిన రిచర్డ్ కోనంట్ బృందం 2017లో, భూమి నిర్వహణ మెరుగుపడితే హెక్టారుకు ఏడాదికి 0.1 టన్ను నుంచి 1 టన్నుకు పైగా కార్బన్ చేరుతోందని చెప్పింది. పద్ధతిని బట్టి తేడా ఉంది. పంట పొలాన్ని శాశ్వత గడ్డిగా మార్చడం, పప్పుజాతి మొక్కలను గడ్డిలో కలపడం వంటివి మేత మార్పు ఒక్కదానికన్నా ఎక్కువ ఫలితం ఇస్తాయి.

ఈ వేగం కలకాలం ఉండదు. నిల్వ పెరిగే కొద్దీ సూక్ష్మజీవులకు తిండి పెరుగుతుంది, అవి వదిలే ఊపిరీ పెరుగుతుంది. కొన్ని దశాబ్దాల్లో రాకా పోకా సమానమవుతాయి. 1843 నుంచి పొలాల లెక్కలు దాస్తున్న ఇంగ్లండ్‌లోని రోతమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వేగం ఇలా తగ్గడం స్పష్టంగా కనిపిస్తుంది. 'వెయ్యికి నాలుగు' లక్ష్యం అక్కడి ప్రయోగాల్లో కొన్నిచోట్ల అందింది కూడా. కానీ ఏటా పెద్ద మొత్తంలో పశువుల ఎరువు వేయడం, పంటలు మానేసి గడ్డి పెంచడం వంటి పెద్ద మార్పులతోనే అందిందని 2018లో అక్కడి శాస్త్రవేత్తలు రాశారు.

నత్రజని సంగతి చాలామంది మరిచిపోతారు. మట్టిలోని స్థిరమైన సేంద్రియ పదార్థంలో 12 పాళ్ల కార్బన్‌కు దాదాపు 1 పాలు నత్రజని ఉంటుంది. 1 టన్ను కార్బన్ నిలవాలంటే 80 కిలోలకు పైగా నత్రజని ఎక్కడినుంచో రావాలి. దాన్ని రసాయన ఎరువుగా వేస్తే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు బలంగా వేడిని పట్టి ఉంచుతుంది. పప్పుజాతి మొక్కలకు ఇంత విలువ రావడానికి ఇదొక కారణం. అవి గాలి నుంచే నత్రజని తెస్తాయి.

బయటి నుంచి వచ్చిన కార్బన్‌ను ఎవరి ఖాతాలో వేయాలి

కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 2008లో మొదలైన ప్రయోగంలో మేత భూమి మీద ఒక్కసారి, అరంగుళం మందాన కంపోస్ట్ చల్లారు. తర్వాతి మూడేళ్లు గడ్డి బాగా పెరిగింది. కంపోస్ట్‌లో ఉన్న కార్బన్‌ను తీసేసి చూసినా నేలలో హెక్టారుకు ఏడాదికి సుమారు 1 టన్ను చేరింది. గడ్డి తనంతట తాను ఎక్కువ వేర్లు పెంచుకుందన్నమాట. కుళ్లి మీథేన్ వదలాల్సిన చెత్త నుంచి ఆ కంపోస్ట్ వస్తే లాభం రెండింతలు. ఇంకో పొలం నుంచి తెచ్చిన ఆకూ అలమూ అయితే ఒక నేలను తీసి ఇంకో నేలకు పెట్టినట్టే.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వైట్ ఓక్ పాశ్చర్స్ అనే క్షేత్రం గురించి 2020లో వచ్చిన అధ్యయనం ఏడాదికి హెక్టారుకు 2.29 టన్నుల చేరిక చూపించింది. ఇది చాలా పెద్ద సంఖ్య. అయితే అవి పంటలతో బాగా సారం కోల్పోయిన నేలలు. ఖాళీ అయిన నేల మొదట్లో వేగంగా నిండుతుంది. ఒకే పొలాన్ని 20 ఏళ్లు కొలవలేదు, వేర్వేరు కాలాల్లో గడ్డిగా మారిన పొలాలను ఒకేసారి పోల్చారు. మామూలు పద్ధతితో పోలిస్తే అదే మాంసానికి రెండున్నర రెట్ల భూమి పట్టిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంత అదనపు భూమి ఎక్కడో అడవి నరికి తేవాల్సి వస్తే లెక్క తలకిందులవుతుంది.

మీథేన్ లెక్క

నెమరువేసే పశువు కడుపులో గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. అది ఎక్కువగా త్రేన్పుల్లో బయటికొస్తుంది. ఒక పెద్ద ఆవు ఏడాదికి 100 కిలోలు వదులుతుందనుకుందాం. వందేళ్ల కొలమానంలో మీథేన్‌ను 27 రెట్లుగా లెక్కిస్తారు. అంటే 2.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నేల హెక్టారుకు అర టన్ను కార్బన్ పట్టుకుంటే అది 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్. హెక్టారుకు ఒక ఆవు ఉంటే 0.9 టన్ను అప్పు మిగులుతుంది. రెండు హెక్టార్లకు ఒక ఆవు ఉంటే 0.9 టన్ను మిగులు. ముప్పై ఏళ్ల తర్వాత నేల నిండాక మిగులు ఉండదు, ఆవు త్రేన్పులు మాత్రం ఉంటాయి.

దీనికి న్యాయమైన ఎదురు వాదన ఉంది. మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లే ఉంటుంది. మంద పెరగకుండా అలాగే ఉంటే ఈ ఏడాది వదిలినంతే పాతది విచ్ఛిన్నమవుతుంది. గాలిలో పోగుపడదు, కాబట్టి బొగ్గు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని ఒకే గాట కట్టకూడదని ఆక్స్‌ఫర్డ్‌లోని వాతావరణ శాస్త్రవేత్తలు కొందరు వాదిస్తారు. అది నిజం. మంద స్థిరంగా ఉంటే దానివల్ల వచ్చే వేడి దాదాపు అదే స్థాయిలో ఉంటుంది. మంద తగ్గితే ఆ వేడి కొంత త్వరగానే తగ్గుతుందన్నది కూడా అంతే నిజం. మొదటి మాట చెప్పేవాళ్లు రెండోది కూడా చెబితే బాగుంటుంది.

మొత్తంగా చూస్తే, ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసిన ఆహార-వాతావరణ పరిశోధన బృందం 2017లో, మంచి పరిస్థితుల్లో మేత భూముల చేరిక ఆ భూముల మీది పశువుల ఉద్గారాల్లో 20 నుంచి 60 శాతం వరకే పూడ్చగలదని లెక్కగట్టింది. 2023లో వచ్చిన మరో లెక్క ప్రకారం ప్రపంచంలోని నెమరువేసే పశువుల ఉద్గారాలను నేలతోనే సరిపుచ్చాలంటే సుమారు 13,500 కోట్ల టన్నుల కార్బన్ చేరాలి. ఇప్పుడు మనుషుల నిర్వహణలో ఉన్న గడ్డి భూముల నిల్వకు అది దాదాపు రెండింతలు.

క్రెడిట్లు అమ్మితే

నేలలో చేరిన కార్బన్‌కు క్రెడిట్లు, అంటే కంపెనీలు తమ ఉద్గారాలకు బదులుగా చూపించుకోవడానికి కొనే పత్రాలు, ఇచ్చి అమ్మడం మొదలయ్యాక ఈ లెక్కలన్నీ డబ్బు విషయాలయ్యాయి. కొన్నవాళ్లు ఇప్పుడే వదిలే కార్బన్ వందల ఏళ్లు గాలిలో ఉంటుంది. అమ్మినవాళ్ల నేలలో చేరింది రెండు కరువులతో, ఒక నాగలితో బయటికి రావచ్చు. ఉత్తర కెన్యాలో సుమారు 19 లక్షల హెక్టార్లలో 2013 నుంచి నడిచిన ప్రాజెక్టు ఇలాంటి ప్రయత్నాల్లో చాలా పెద్దది. పశుపాలకుల మేతను ప్రణాళికతో నడిపించి క్రెడిట్లు తయారు చేసింది. తరతరాలుగా వాననూ గడ్డినీ చూసి దూరాలకు కదిలే వాళ్ల సొంత పద్ధతిని ఈ ప్రణాళిక దెబ్బతీసిందని, మేత నిజంగా మారినట్టు రుజువు లేదని 2023లో ఆదివాసీల హక్కుల కోసం పనిచేసే సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ విమర్శించింది. ఆ తర్వాత క్రెడిట్లను ధ్రువీకరించే వెరా సంస్థ ప్రాజెక్టును సమీక్షకు పెట్టింది. కదిలే మందల విలువ ఆ పశుపాలకులకు ఎవరూ నేర్పాల్సిన అవసరం లేదు. వాళ్ల తాతల కాలం నుంచి చేస్తున్నదే అది.

మిగిలేది ఎంత

వాతావరణ మార్పుపై అంతర్జాతీయ బృందం 2022 నివేదికలో గడ్డి భూముల నేలలు ఏటా సుమారు 100 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టుకోగలవని అంచనా ఉంది. అనిశ్చితి వల్ల ఆ అంచనా 20 కోట్ల నుంచి 260 కోట్ల వరకు ఊగుతుంది. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంట్ కలిసి ఏటా వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు. అందులో ఇది మూడు శాతం దరిదాపుల్లో ఉంటుంది. మూడు శాతం చిన్నదేమీ కాదు. పెద్ద దేశాలు కొన్ని ఏడాదంతా వదిలేది అంతకన్నా తక్కువే. పైగా నీరు ఇంకడం, కరువులో గడ్డి నిలవడం, మట్టి కొట్టుకుపోకుండా ఆగడం లాంటి లాభాలు కార్బన్ లెక్క తేలకపోయినా వస్తాయి. నా దృష్టిలో మేత భూములను బాగుచేయడానికి అవే మొదటి కారణాలు.

ఇంకా చేరాల్సిన కార్బన్‌కన్నా ఉన్నది పోకుండా చూడటం తేలిక. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు మనిషెత్తు గడ్డి పెరిగిన ప్రెయరీ అనే గడ్డి మైదానాల్లో 4 శాతం కన్నా తక్కువే మిగిలింది. దున్నిన ఆ నేలలు కొన్ని దశాబ్దాల్లోనే తమ కార్బన్‌లో పెద్ద వాటా పోగొట్టుకున్నాయి. వందల ఏళ్ల నాటి పచ్చిక బయళ్లను 'ఖాళీ భూమి'గా భావించి చెట్లు నాటడం కూడా ఇలాంటి పొరపాటే అని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త విలియం బాండ్ లాంటివాళ్లు హెచ్చరిస్తున్నారు. కరువులు, కార్చిచ్చులు పెరిగే కాలంలో మాను కాలితే దానిలోని కార్బన్ గాలిలో కలుస్తుంది. గడ్డి కాలినా నేల కింద ఉన్నది చాలావరకు అక్కడే ఉంటుంది.

పోయినదాన్ని తిరిగి తెచ్చే పని ఎంత నెమ్మదైనదో మినసోటాలోని సీడర్ క్రీక్ పొలాలు చూపిస్తాయి. పంటలతో సారం పోయిన ఇసుక నేలలో 1994లో కొన్ని మడుల్లో ఒకే రకం మొక్కను, కొన్నింటిలో 16 రకాల వరకు గడ్డి, పప్పుజాతి, పూల మొక్కలను కలిపి విత్తారు. పశువులు లేవు. 22 ఏళ్ల కొలతలను 2019లో ప్రచురించినప్పుడు, ఎక్కువ రకాలున్న మడుల్లో 13వ ఏడాది తర్వాత చేరిక ఒకే రకం ఉన్నవాటికన్నా 70 శాతం ఎక్కువగా, తనంతట తాను గడ్డి మొలవడానికి వదిలేసిన పొలాల కన్నా మూడింతలుగా కనిపించింది. మొదటి పదమూడేళ్లకన్నా తర్వాతి కాలంలోనే వేగం పెరిగింది. ఐదేళ్లకే కొలిచి ఆపేసి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.